పీనుగుదొరకు పలికిన మల్లప్ప

పీనుగుదొరను వేటాడాలంటే ముందు నోరు మూసుకోవడం రావాలి. మా జట్టులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ ముక్క చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. అందరికీ వచ్చింది. మల్లప్ప కాకకు మాత్రం రాలేదు.

నా పేరు రఘుపతి. కొత్తకోటలో హైవే పక్కన ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. పగిలిన అద్దాలు మార్చడం నా బతుకుదెరువు, ఖాళీ దొరికితే ఫోన్లో వేట నా పిచ్చి. నలభైకి దగ్గరపడుతున్న మనిషికి ఇదేం పిచ్చి అని మా ఇంట్లో అడగని రోజు లేదు. ఆట అసలు పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది, మేం వేట అనే అంటాం. అందులో ఒక పాడుబడ్డ రాజ్యం, ఆ రాజ్యంలో ఐదు చిత్తడి నేలలు. ఒక్కో చిత్తడిలో ఒక్కో చచ్చిన రాజు తిరుగుతుంటాడు. యుద్ధంలో పడిపోతే ఎవరూ ఎత్తుకుపోలేదట, మట్టి వెయ్యలేదట, అందుకని లేచాడు. వాడికి ఇంగ్లీషులో పెద్ద బిరుదే ఉంది. పీనుగుదొర అని మాకు నోరు తిరిగే పేరు పెట్టింది దామోదర్.

దామోదర్ మల్లప్ప కాక కొడుకు. ఇరవై నాలుగేళ్లవాడు. డిగ్రీ అయింది, కొలువు రాలేదు, తండ్రితో కలిసి గొర్లు కాసేవాడు. గుట్ట మీద సిగ్నల్ మా దుకాణంలో కన్నా బాగుంటుందని నన్నే ఎక్కిరించేవాడు. నేనూ, వాడూ, హుజూర్‌నగర్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు చూసే స్వర్ణా కలిసి రెండేళ్లు ఆడాం. స్వర్ణను నేను ఇప్పటికీ ముఖాముఖి చూడలేదు. గొంతు మాత్రం మా చెల్లెలి గొంతు కన్నా బాగా తెలుసు.

దొర సంగతి ఇంకాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దొరకు కళ్లు లేవు. అంతా చెవులతోనే. అడుగుల చప్పుడు నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి వాటిని పట్టించుకోడు, మనిషి గొంతు వింటే మాత్రం తిరుగుతాడు. వంటి నిండా ఇనుమే, బాణం దిగే చోటు ఒక్క మెడ వెనకే. ఆ మెడ మీద కూడా ఇనుప పట్టీ ఉంటుంది. వాడు తల పైకెత్తి అరిచినప్పుడే ఆ పట్టీ తెరుచుకుంటుంది. అప్పుడు ఉప్పు రాసిన బాణాలు ఏడు దించాలి. వాడు ముందు తల దించుకుని పిలుస్తాడు, తల ఎత్తి అరవాలంటే ఆ పిలుపుకు జవాబు కావాలి. ఎవరైనా జవాబిస్తే ఆ మనిషి వైపు నడుస్తూ మళ్లీ మళ్లీ అరుస్తాడు. పైగా ఆ జవాబు ఇచ్చిన చోటు ఎర్ర చుక్కయి చిత్తడిలో ఉన్న వేటగాళ్లందరికీ కనబడుతుంది. అందుకే జట్టు మొత్తం సిద్ధమయ్యేదాకా నోరు మూసుకొమ్మనేది.

వాడు పిలిచేదీ అరిచేదీ వాడి గొంతుతో కాదు. ఆటలో చేరేటప్పుడు ప్రతివాడూ రెండు క్షణాల కూత ఒకటి తన గొంతుతో రికార్డు చేసి పెట్టాలి. చిత్తడిలో పడిపోయిన వేటగాడు ఏడు రోజుల్లోగా మళ్లీ ఆటలోకి వచ్చి లేవకపోతే, దొర వాడి కూతను ఎత్తుకుపోతాడు. అక్కణ్ణుంచి ఆ చిత్తడిలో ఆ గొంతుతోనే పిలుస్తాడు. తోటివాడనుకుని పలికితే అయిపోయినట్టే. నేను ఈల వేసి పెట్టాను. స్వర్ణ 'ఏయ్' అని పెట్టింది. దామోదర్ గుట్టల్లో కాపరులు ఒకరికొకరు వేసుకునే కూత పెట్టాడు, 'ఓ... హొయ్!' అని, చివర కొంచెం పైకి లేపి.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక సాయంత్రం మూడో చిత్తడిలో దామోదర్ పడిపోయాడు. 'పొద్దుగాల లేస్త తియ్యన్నా' అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. తెల్లారి గుట్ట కింద వాణ్ణి పాము కరిచింది. తండ్రి గుట్టకు అటుపక్క మందతో ఉన్నాడు. ఫోన్ చేద్దామంటే ముందురోజంతా ఆడి చార్జి అయిపోయి ఉంది. మధ్యాహ్నం ఇంకో కాపరి సీతాఫలం పొద దగ్గర చూసేసరికే అంతా అయిపోయింది. ఊళ్లో అందరూ ఆటను తిట్టారు, నన్ను నా ముఖం మీదే తిట్టారు. పడ్డాను. ఆ వారమంతా మేం చావింటి పనుల్లోనే ఉన్నాం. ఆటలో వాడి శవం మూడో చిత్తడిలో ఉందనీ, వాడి ఫోన్ తాళం ఎవరికీ తెలియదనీ, ఏడు రోజులు గడిచిపోతున్నాయనీ మాకెవరికీ గుర్తు లేదు.

మల్లప్ప కాక మూడు నెలలకు మా దుకాణానికి వచ్చాడు. ఎండకు నల్లబడ్డ మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. దామోదర్ ఫోన్ రుమాలులో చుట్టి తెచ్చాడు.

"దీని తాళం తియ్యి రఘూ. లోపట వాని ఫోటువలుంటయి. మీ చిన్నమ్మ చూస్తనంటాంది."

తాళం తీస్తే లోపలున్నవన్నీ పోతాయని చెప్పాను. చాలాసేపు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎండ తగ్గేదాకా కూర్చొమ్మని స్టూలు వేశాను. నేను వేటలో ఉన్నాను. స్వర్ణ, ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు దొర వెనక చేరి బాణాలు ఎక్కుపెట్టారు. జవాబు ఇవ్వాల్సినవాణ్ణి నేను, సరైన సమయం కోసం చూస్తున్నాను. అప్పుడు వినబడింది, నా ఫోన్లోంచి, దామోదర్ గొంతు. ఓ... హొయ్!

దామోదర్ పోయాక ఆ చిత్తడికి మేం వెళ్లడం అదే మొదలు. నేను తేరుకునేలోపు స్టూలు మీద మనిషి దిగ్గున లేచి, దుకాణం అద్దాలు అదిరేటట్టు అరిచాడు. "హొయ్... ఓ!"

రోడ్డు మీద చాయ్ తాగుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. దొర ఇటు తిరిగి మమ్మల్ని నలుగురినీ నరికేశాడు. స్వర్ణ 'ఎవరన్నా అది, బుద్ధుందా' అని తిట్టింది. కాకకు అవేమీ పట్టలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడున్నడు? రఘూ, వాడు యాడున్నడు?"

చెప్పాను. ఆట అని, రికార్డు అని, దొర అని. అంతా విన్నాడు. అర్థం కాలేదనుకున్నాను. "అంటే ఎవ్వలు ఎత్తుకపోలే గాబట్టి గా పీనుగు వాని గొంతు పట్టుకొని తిరుగుతాంది," అన్నాడు. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

ఆ కూత వేరే ఫోన్లో రికార్డు చేసి ఇచ్చాను. అది ఇస్తే నా పని అయిపోతుందనుకున్నాను, అబద్ధమెందుకు. ఒకసారి మంద దగ్గర దాన్ని మోగిస్తే దామోదర్ పెంచిన పొట్టేలు తల ఎత్తి, మేత వదిలి, ఫోన్ దాకా నడిచి వచ్చిందట. వాసన చూసి నిలబడిపోయిందట. ఆ సాయంత్రమే ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టేశాడు.

"గిది పలుకదు బిడ్డా. నేనెంత ఒర్రినా ఇదొక్కటే తాప అంటది. గా ఆటల ఉన్నోడు పలుకుతడు. నేను పలికితే మల్ల కూతేస్తడు, నా దిక్కు నడిచొస్తడు."

"వచ్చేది నిన్ను చంపనీకి కాక," అన్నాను.

"రానీ," అన్నాడు.

అలా నా పాత ఫోన్ ఒకటి ఆయన చేతికొచ్చింది, మా జట్టులోకి ఒక అరవై ఏళ్ల వేటగాడు వచ్చాడు. చదువు రాదు, బొమ్మలు గుర్తుపడతాడు. బాణం గురి గుండుసున్నా. కానీ దొర నడక మీద మాత్రం మాకు రెండేళ్లలో తెలియంది ఆయనకు రెండు వారాల్లో తెలిసింది. దొర ఎప్పుడూ ఎడమ భుజం ఒడ్డుకు ఆనించి తిరుగుతాడు. 'గుడ్డి గొర్రె గిట్లనే గోడ పట్టుకొని తిరుగుతది' అన్నాడు కాక. కాబట్టి కుడివైపు నుంచి మెల్లగా పలుకుతూ పోతే వాణ్ణి ఎటు కావాలంటే అటు తోలుకుపోవచ్చు. మేం వాణ్ణి వేటాడదామనుకున్నాం, ఈయన వాణ్ణి మేపడం మొదలుపెట్టాడు. స్వర్ణ మొదట్లో విసుక్కునేది. తర్వాత 'పెద్దనాయినా, అన్నం తిన్నవా' అని అడగందే ఆట మొదలుపెట్టేది కాదు.

ఆ ఏడూ, తర్వాతి ఏడూ ఆయన రోజూ పగటిపూట ఒక గంట వచ్చేవాడు. మంద ఆయన భార్య బక్కమ్మ చిన్నమ్మ చూసుకునేది. ఎక్కడికి పోతున్నావంటే ఫోన్ దుకాణానికి అని చెప్పేవాడట, ఆమె ఏం అనుకునేదో. ఒకసారి చిన్నమ్మకు కూడా వినిపిద్దాం కాక అన్నాను. గట్టిగా వద్దన్నాడు. తట్టుకోదని కాబోలు అనుకుని ఊరుకున్నాను.

నోరు మూసుకోవడం ఒక్కటే ఆయనకు రాలేదు. దొర పిలిస్తే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా పలికేసేవాడు. ఒకసారి నోట్లో సర్వపిండి ముక్క పెట్టుకుని పలికి పొలమారింది. ఎర్ర చుక్క పడేది, పక్క జట్లు వచ్చేవి, మేం దొరను పొదల్లోకి తప్పించలేక చచ్చేవాళ్లం. నేను ఎగిరి దూకేవాణ్ణి. ఆయన తప్పు చేసినట్టు తల దించుకునేవాడు. 'గుట్టల కూతినవడితె పలకాలె బిడ్డా. పలకకపోతె అవుతలోడు ఏమనుకుంటడు' అనేవాడు. అక్కడ ఆ కూతకు వేరే అర్థం ఏమీ లేదు. నేనున్నాను, నువ్వున్నావా అని అడగడమే. ఎంత పగ ఉన్నవాళ్లయినా పలికి తీరుతారట. నాకు ఓపిక తక్కువ, ఇదేం చాదస్తమని అనేశాను కూడా.

ఈ చైత్రంలో ఆట కంపెనీవాళ్లు కొత్త నియమం ఒకటి పెట్టారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఈ విడత ముగుస్తుంది. ఇన్నాళ్లూ చంపినా మర్నాటికి గొంతులతో సహా లేచే దొర, ఈలోగా చనిపోతే ఇక లేడు, వాడి దగ్గరున్న గొంతులన్నీ విడుదలైపోతాయి. ఆరింటిదాకా బతికి ఉన్న దొర తర్వాతి విడతలోకి వెళతాడు. ఇంకో ఏడాది ఉంటాడు. చంపిన జట్టుకు దొర కిరీటం. మిగిలిన నాలుగు చిత్తళ్ల దొరలు శుక్రవారానికే పోయారు. మిగిలింది మా మూడో చిత్తడే. ఎక్కడెక్కడి జట్లో దాని మీద పడ్డాయి.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ కిరీటం నాకూ కావాలనిపించింది. నాలుగేళ్ల కష్టం. స్వర్ణతో ఆ మాట సగం అన్నాను. ఆమె మిగతా సగం అననివ్వలేదు. కాకకు సంగతంతా చెప్పాం.

"అంటే ఆదివారం ఆరు గంటల దాక వాణ్ణి కాపాడుకోవాలె," అన్నాడు.

"అవ్ కాక."

"మందను కాపాడుకోవుట్ల మనకేం కొత్త."

ఆదివారం పొద్దున్నే వచ్చేశాడు. దుకాణం సగం షట్టరు దించి కూర్చున్నాం. మధ్యాహ్నం రెండింటిదాకా మెల్లమెల్లగా పలుకుతూ, జట్లు దూరంగా ఉన్నప్పుడు నాలుగడుగులు, దగ్గరగా ఉంటే ఆగి, దొరను చిత్తడి ఉత్తరపు మూలకు తోలాడు. అక్కడ రెండు బండల మధ్య ఒక సందుంది. దోచుకోవడానికి ఏమీ దొరకదని ఆ వైపు ఎవరూ రారు. దొర ఎడమ భుజం బండకు ఆనించి సందులో నిలబడిపోయాడు. స్వర్ణ అవతలి ఒడ్డున లేనిపోని చోట్ల ఏయ్, ఏయ్ అని అరుస్తూ జట్లను దక్షిణానికి లాగుతోంది. ఆ పిల్ల సెలవు రోజు మొత్తం దీనికే పెట్టింది.

"ఇగ అయిపోయింది కాక. ఇగ నువ్వు పలకద్దు. ఏమైనా సరే పలకద్దు," అన్నాను. నా మైకు ముందే ఆపుకున్నాను, ఆయన ఫోన్లో కూడా మైకు బొమ్మ మీద నొక్కి ఆపేశాను. దాని మీద ఎర్ర గీత పడింది. "గీ గీత ఉన్నంతసేపు నీ గొంతు అటు పోదు. తెలిసిందా?"

"తెలిసింది."

దొరకు ఇంకో అలవాటు ఉంది. చాలాసేపు చప్పుడు లేకపోతే తనంతట తానే పిలుస్తాడు, మూడుసార్లు. ఆ పిలుపు దగ్గరున్నవాళ్లకే వినబడుతుంది, చుక్క పడదు. మూడింటికీ జవాబు రాకపోతే ఊరుకుంటాడు, గంట దాకా కదలడు. ఆ గంట మాకు చాలు. ఆరు దాటిపోతుంది.

ఐదుంబావుకు మొదటి కూత వచ్చింది. కాక ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. రెండో కూత వచ్చింది. "ఇంకొక్కటే కాక, జర ఆగు," అన్నాను.

మూడోది వచ్చింది. అదే కూత, అదే రికార్డు, ఒక్క అణువు తేడా లేదు. కాక బొటనవేలు ఎర్ర గీత మీద పడింది. గీత పోయింది.

"హొయ్... ఓ! దామూ! ఈడున్న బిడ్డా! ఈడున్న!"

నేను ఫోన్ గుంజుకున్నాను. ఏం లాభం. ఎర్ర చుక్క పడిపోయింది. దొర బండల సందులోంచి బయటికి నడిచాడు, కాక వేటగాడి వైపు, తల ఎత్తి పిలుస్తూ. మెడ మీద పట్టీ తెరుచుకుంది. స్వర్ణ 'అన్నా, పదిమంది అటే వస్తున్నరు, ఇరవైమంది' అని కేకలేసింది. నేను అడ్డంగా పోయి నిలబడ్డాను, నన్ను ఒక్క క్షణంలో పడగొట్టారు. మైకు ఆపాలని తోచక, నోరు మూయమని కాకకు చెబుతూనే ఉన్నాను. ఆయన నా చేతిలో ఉన్న ఫోన్ మీదికే వంగి పలుకుతూనే ఉన్నాడు. వాడు పిలిచినన్నిసార్లూ ఈయన పలికాడు. బాణాలు లెక్కపెట్టాను, మూడు, ఐదు, ఆరు. ఏడో బాణం దిగేటప్పటికి కూత 'ఓ' దగ్గరే ఆగిపోయింది. 'హొయ్' రాలేదు.

తెర మీద దొర దగ్గరున్న గొంతుల పేర్లు ఒక్కొక్కటే వచ్చి చెరిగిపోయాయి. దామోదర్ పేరు నాలుగోది. ఐదు ఇరవై అయింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. పెద్దమనిషని కూడా చూడలేదు. రెండేళ్ల కష్టం బూడిదలో పోసావు, ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నీ కొడుకు ఉండేవాడు కదా, నీ చేతులతో నువ్వే పోగొట్టుకున్నావు అని అరిచాను. స్వర్ణ 'అన్నా ఊకో, అన్నా ఊకో' అంటూ ఏడుస్తోంది. ఆయన అడ్డు చెప్పలేదు. నేను ఆగేదాకా ఆగి, గొంగడి భుజాన వేసుకుని షట్టరు దగ్గరికి పోయి, మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"వాడు పోయిన ముందటి దినం మంద పల్లిచేన్ల వడ్డది రఘూ," అన్నాడు. "వీడు ఫోన్ల ఉండె. తెల్లారి చేనుగల్లాయనొచ్చి నన్ను నోటికొచ్చినట్టు తిట్టిండు. నేను వీణ్ణి తిట్టి, మందను తోలుకొని గుట్టకు అవుతలికి వోయిన. నాకు మస్తు కోపముండె."

నేను గుంజుకున్న ఫోన్ ఆయన చేతికే తిరిగిచ్చాను.

"జరసేపటికి కూతేసిండు. ఇన్న. పలకలే. మల్లేసిండు. బుద్ధి రానీ అనుకున్న. మూడోది సన్నగొచ్చింది, గాలికేమో అనుకున్న."

స్వర్ణ ఏడుపు ఆగిపోయింది. హైవే మీద లారీ ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన పాత ఫోన్ నా బల్ల మీద పెట్టాడు, కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"కూతేసే ఓపిక గూడ లేకపాయెనా నా కొడుక్కు అని మీ చిన్నమ్మ దినాం అడుగుతది," అన్నాడు. "లేకపాయె అంటున్న."